ఈటె దిగాక ఒక్క నిమిషం: సొరల మధ్య వేటను దక్కించుకోవడం

ఫ్లోరిడా తూర్పు తీరంలో జూపిటర్ ఊరి ఎదుట గానీ, ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ అంచున గానీ, ఊపిరి బిగబట్టి స్పియర్‌గన్‌తో, అంటే రబ్బరు బలంతో ఈటెను వదిలే తుపాకీతో, చేపల్ని వేటాడేవాళ్లకు గురి తప్పడం పెద్ద బెంగ కాదు. గురి తగిలాకే అసలు బెంగ మొదలవుతుంది. ఈటె దిగుతుంది, తాడు బిగుస్తుంది, పదిహేను ఇరవై సెకన్లకు ఆ తాడే ఉన్నట్టుండి వదులవుతుంది. పైకి లాగి చూస్తే తలకాయ ఒక్కటే ఉంటుంది, లేదంటే వంకర తిరిగిన ఈటె ఉంటుంది. వలలో పడ్డ చేపను సొర సగం కొరికేసి పోవడం మన తీరంలో మత్స్యకారులకూ కొత్త కాదు. కాకపోతే వల దగ్గర మనిషి పడవలో ఉంటాడు. ఇక్కడ మనిషి కూడా అదే నీళ్లలో, అదే తాడు చివర ఉంటాడు.

ఈ గొడవకు మందుగా చేతి పట్టీలు, అయస్కాంతాలు, కరెంటు పరికరాలు అమ్ముతుంటారు. వాటి సంగతి చివర్లో చూద్దాం. ముందు చూసుకోవలసిన లెక్క వేరే ఉంది. ఈటె తగిలినప్పటి నుంచి చేప పడవలో పడేదాకా ఎంతసేపు పట్టింది? ఆ సేపట్లో అది ఎంత కొట్టుకుంది? పనికొచ్చే పద్ధతి ఏదైనా ఈ రెండింటిలో ఒకదాన్ని తగ్గిస్తుంది. తగ్గించనిదానికి పెట్టిన డబ్బు దండగ.

సొరకు కబురు ఎలా అందుతుంది

సొర అనగానే అందరికీ నెత్తురు వాసనే గుర్తొస్తుంది. లెక్క కట్టి చూస్తే వాసన చాలా నెమ్మది. అది ప్రవాహంతో పాటే కదులుతుంది. ఒక నాట్ వేగంతో పారే నీరు సెకనుకు అర మీటరు పోతుంది, అంటే వంద మీటర్ల దూరంలో ఉన్న సొర ముక్కుకు వాసన తగలడానికి మూడు నిమిషాల పైనే పడుతుంది. అదీ సొర ప్రవాహానికి దిగువన ఉంటేనే. ఎగువన ఉన్నదానికి అసలు తెలియదు. శబ్దం అలా కాదు. నీటిలో అది సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది, అన్ని దిక్కులకూ పోతుంది. వంద మీటర్లకు సెకనులో పదో వంతు కూడా పట్టదు.

కాబట్టి ఈటె దిగిన ఇరవై సెకన్లలో వచ్చిన సొర నెత్తురు కోసం రాలేదు, చప్పుడు విని వచ్చింది. గాయపడిన చేప తోక కొట్టుకునేటప్పుడు లయ లేకుండా, ఆగి ఆగి, బాగా తక్కువ పౌనఃపున్యంలో చప్పుడు పుడుతుంది. సొరల వినికిడి కొన్ని వందల హెర్ట్జ్ లోపలే పదునుగా ఉంటుంది కనుక అది సరిగ్గా వాటి చెవికి సరిపడే శబ్దం. డొనాల్డ్ నెల్సన్, శామ్యూల్ గ్రూబర్ అనే ఇద్దరు పరిశోధకులు 1963లోనే దీన్ని చూపించారు. చేప గానీ నెత్తురు గానీ లేకుండా, నీటి కింద స్పీకర్ పెట్టి ఇలాంటి తక్కువ పౌనఃపున్యంలో ఆగి ఆగి వచ్చే శబ్దాలు వినిపిస్తే చాలు, సొరలు వెతుక్కుంటూ వచ్చేశాయి.

దగ్గరికి వచ్చాక కళ్లు పనిచేస్తాయి. చివరి అర మీటరు, మీటరు దూరంలో ముక్కు చుట్టూ ఉండే లొరెంజిని గుంటలు అందుకుంటాయి. ఇవి సెంటీమీటరుకు కొన్ని నానోవోల్టుల పాటి విద్యుత్ క్షేత్రాన్ని కూడా పసిగడతాయి. బతికున్న చేప కండరాలు పుట్టించే కరెంటు వాటికి చాలు.

వీటన్నిటి మీద నేర్చుకోవడం ఒకటుంది. సొరల పరిశోధకురాలు యూజీనీ క్లార్క్ ఫ్లోరిడాలోని తన కేప్ హేజ్ ప్రయోగశాలలో లెమన్ సొరలకు ముక్కుతో ఒక పలకను నెట్టి తిండి సంపాదించుకోవడం నేర్పించి, 1959లో ఆ ఫలితాలు ప్రచురించారు. సొర మందమతి అనుకునే రోజులకు అక్కడితో చెల్లు. ఇవాళ ఒకే రీఫ్ (పగడపు దిబ్బ) మీద వారం వారం వేట సాగితే, అక్కడి సొరలకు పడవ ఇంజను చప్పుడుకూ తేలిక తిండికీ మధ్య లంకె తెలిసిపోతుందని అక్కడ తిరిగేవాళ్లంతా చెప్తారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో నింగలూ తీరాన గాలాలతో వేటాడిన వినోద పడవలను గమనించిన ఒక అధ్యయనంలో, దాదాపు 39 శాతం ప్రయాణాల్లో కనీసం ఒక చేప సొరల పాలైంది. వేట ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట్లే దొంగతనమూ ఎక్కువని అందులో తేలింది. సొరల సంఖ్య పెరిగిందా, లేక ఉన్నవాటికే తెలివి పెరిగిందా అన్న వాదన ఇంకా నడుస్తోంది. వేటగాడికి ఆ వాదన తేలే దాకా ఆగే పని లేదు. ఏ కారణమైనా పాటించవలసిన పద్ధతి మారదు, మళ్లీ మళ్లీ అదే చోటికి వెళ్లకుండా ఉండడం దానిలో మొదటిది.

ఎవరు వస్తారు, ఎలా వస్తారు

జూపిటర్ దగ్గర గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం తీరానికి చాలా చేరువగా పారుతుంది. బుల్ సొర, శాండ్‌బార్, కరీబియన్ రీఫ్ సొర అక్కడ మామూలే. శీతకాలంలో, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, లెమన్ సొరలు గుంపులు కడతాయి. వీటిలో బుల్ సొరతో జాగ్రత్తగా ఉండాలి. అది వెనక నుంచి, కింద నుంచి వస్తుంది, మసక నీళ్లలో ధైర్యం ఎక్కువ. రీఫ్ సొరలు ఒంటరిగా ఉంటే తటపటాయిస్తాయి. నాలుగైదు కూడాయంటే పోటీ మొదలవుతుంది, తటపటాయింపు పోతుంది. అందుకే ఎంత పెద్దది వచ్చిందన్నదాని కన్నా ఎన్ని వచ్చాయన్నది ముందు చూసుకోవాలి.

ఫ్లోరిడాలో మునిగిన ఓడల దగ్గర ఇంకో దొంగ ఉంటుంది, గోలియత్ గ్రూపర్. రెండు మీటర్ల పైన పొడవు, 300 కిలోల పైన బరువు పెరిగే చేప. ఇది కొరకదు. నోరు తెరిచి చేపనూ ఈటెనూ కలిపి లోపలికి పీల్చుకుని, ఓడ శిథిలంలోకి దూరిపోతుంది. తాడు చేతికి చుట్టుకుని ఉన్నవాడు దాని వెంట పోవలసిందే. 1990 నుంచి అక్కడ దీన్ని పట్టడం నిషేధం. 2023 నుంచి లాటరీ పద్ధతిలో ఏడాదికి 200 చిన్న చేపలకు, అదీ గాలంతో మాత్రమే, అనుమతిస్తున్నారు. కాబట్టి అది దోచుకుపోయినా దాని మీద ఈటె ఎత్తకూడదు.

బారకూడా చేప మొత్తాన్ని ఎత్తుకుపోదు. మెరుపులా వచ్చి ఒక ముక్క కోసుకుపోతుంది. పాములా ఉండే మోరే ఈల్ చేప, బొరియలో దూరిన గాయపు చేప కోసం వస్తుంది, అక్కడ చేయి పెట్టినవాడి వేళ్లను కూడా చేప అనే అనుకుంటుంది. కాలిఫోర్నియాలో సీ లయన్లు, దక్షిణాఫ్రికాలో సీల్‌లు వేటగాడి నడుముకు వేలాడే చేపల్ని లాక్కుపోతాయి. అమెరికాలో వాటిని గాయపరచడం 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం కింద నేరం. సీ లయన్ ఒకసారి రుచి మరిగాక ఆ పూటకు ఆ చోట వేట ముగిసినట్టే, వాదించి లాభం లేదు.

దిగక ముందే తేలిపోయే విషయాలు

నీటి చూపు ఐదారు మీటర్ల కన్నా తక్కువగా ఉంటే, నది మొగ దగ్గర వాన నీరు కలిసి ఉంటే, పొద్దు పొడిచే వేళా గుంకే వేళా అయితే సొరలున్న చోట వేటాడకపోవడం మేలు. వాటికి అనుకూలమైనవి సరిగ్గా ఆ వేళలే, మనకు కనబడనివీ అవే. గాలం పడవలు చేపల్ని శుభ్రం చేసి వ్యర్థాలు పారేసే చోట దిగడం కూడా అంతే.

రీఫ్ మీదకు దిగిన మొదటి రెండు మూడు మునకల్లో తుపాకీ పేల్చకూడదు. చుట్టూ చూడడానికే అవి. కింద ఏమున్నాయి, ఎన్ని ఉన్నాయి, మనిషిని చూసి దూరం జరుగుతున్నాయా, దగ్గరకు వస్తున్నాయా? తుపాకీ రబ్బరు లాగి కొక్కేనికి తగిలించగానే సొర కదలిక మారితే ఆ రీఫ్‌కు పాఠాలు అయిపోయాయన్నమాట. ఇంకో చోటికి పోవాలి. పోతే ఒకటి రెండు కిలోమీటర్లయినా పోవాలి, వీలైతే ప్రవాహానికి ఎగువకు. రెండొందల మీటర్లు జరిగితే అవీ పడవ వెంట జరుగుతాయి.

మనుషులు కనీసం ముగ్గురుండాలి. ఒకడు కాల్చేవాడు, ఒకడు కాపలా, ఒకడు పడవలో. పడవను లంగరు వేసి వదిలేస్తే వేట దక్కడం కష్టం, ఎందుకంటే ప్రవాహం మనిషిని పడవ నుంచి దూరం చేస్తుంది, చేపతో ఎదురీదవలసి వస్తుంది. జూపిటర్ లాంటి చోట పడవ మనుషుల వెంటే కొట్టుకుపోతూ, పిలిచిన అరనిమిషంలో పక్కకు చేరుతుంది. ఫ్లోరిడాలో దిగినవాడు ఎర్రటి డైవింగ్ జెండా ఎగరేయాలి. ఫ్లోట్ (నీటి పైన తేలే బెండు) మీద ఎగరేసే జెండా కనీసం 12 అంగుళాల చదరం ఉండాలి. బయటి నీళ్లలో దాని నుంచి 300 అడుగుల లోపే మనిషి ఉండాలి. చట్టం సంగతి అటుంచినా, పడవ నడిపేవాడికి మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే పైన చెప్పిన అరనిమిషం మూడు నిమిషాలవుతుంది.

ఎర చల్లడం గురించి ఒక మాట. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో స్పానిష్ మాకెరెల్ కోసం చేప ముక్కలు చల్లి, మెరిసే బిళ్లలు వేలాడదీసి వేటాడతారు. ఈ చేప మనకు పరాయిది కాదు, విశాఖ, కాకినాడ మార్కెట్లలో అమ్మే వంజరమే. ముక్కలు చల్లితే వంజరం వస్తుంది, దాని వెనకే సొర కూడా వస్తుంది. అక్కడ 2023 జూలై నుంచి వినోద వేటలో మనిషికి ఒక్క వంజరమే పరిమితి. ఆ ఒక్కదాని కోసం సొరల్ని మూగేలా చేసుకోవడం తెలివైన బేరం కాదు. మెరిసే బిళ్లలు మాత్రమే వాడి, ముక్కలు మానేసేవాళ్లు లేకపోలేదు. చేపలు తక్కువ వస్తాయి, వచ్చినవి దక్కుతాయి. ఫ్లోరిడా జలాల్లోనైతే డైవింగ్ చేస్తూ చేపలకు తిండి వేయడమే నిషేధం.

గురి: అన్నిటికన్నా చవకైన రక్షణ

కొట్టుకోని చేప చప్పుడు చేయదు. ఈటె తగలగానే చేప కదలిక లేకుండా ఆగిపోయేలా కొట్టడాన్ని స్టోన్ షాట్ అంటారు. పక్క నుంచి చూస్తే చేప మెదడు కంటికి కొంచెం వెనకగా, కొంచెం పైగా ఉంటుంది. వెన్నెముక మొప్ప మూత వెనక అంచు దగ్గర పార్శ్వ రేఖ (చేప పక్కన పొడవునా కనబడే గీత) మొదలయ్యే చోటుకు సమానంగా పోతుంది. ఆ రెండు చోట్లలో ఎక్కడ తగిలినా చేప ఒక్కసారి వణికి, రెక్కలు విప్పార్చి, రంగు మారి బిగుసుకుపోతుంది. పొట్టలో తగిలితే నిమిషాల తరబడి కొట్టుకుంటుంది, పైగా పేగుల వాసన. తోక దగ్గర తగిలితే ఇంకా అన్యాయం: ఈదే శక్తి అంతా మిగిలే ఉంటుంది, ఈటె చీల్చుకుని ఊడిపోతుంది.

దీని అర్థం దూరం తగ్గించుకోవాలని. 110 సెంటీమీటర్ల తుపాకీతో ఐదు మీటర్ల దూరంలో చేపను కొట్టవచ్చు గానీ కొలత వేసినట్టు మెదడులో కొట్టలేం. సొరలున్న చోట మూడు మీటర్ల లోపు, చేప పక్కకు తిరిగి ఉన్నప్పుడే కొట్టాలి. తోక చూపించి పోతున్న చేపను వదిలేయాలి. గుహ నోట ఉన్నదాన్ని కూడా అంతే, ఎందుకంటే ప్రాణం మిగిలితే లోపలికి దూరి ఈటెను రాళ్ల మధ్య ఇరికిస్తుంది. దాన్ని బయటికి లాగడానికి నాలుగైదు మునకలు పడతాయి, ఆ సేపంతా అది చప్పుడు చేస్తూనే ఉంటుంది.

ఈటె మొన ఎంపిక చేపను బట్టి ఉంటుంది. రీఫ్ మీద గ్రూపర్, స్నాపర్ లాంటి గట్టి కండ చేపలకు 7 మిల్లీమీటర్ల ఈటె, దాని మొన వెనక విచ్చుకునే ముల్లు ఉంటే సరిపోతుంది. వంజరం కండ మెత్తన. పెద్ద వంజరం ఒక్క గుంజు గుంజితే ముల్లు చీల్చుకుని వచ్చేస్తుంది. అలాంటివాటికి స్లిప్ టిప్ వాడాలి. అది చేప శరీరం దాటి అవతలికి పోగానే ఈటె నుంచి విడిపోయి, చిన్న తీగ చివర అడ్డంగా తిరుగుతుంది. చేప ఎంత గుంజినా ఈటె బరువు గాయాన్ని చీల్చదు. ఊడిపోయిన చేప సొరకు పోతుంది, మనకు చేపా పోయింది, సొరకు పాఠమూ అయింది. అదే అన్నిటికన్నా చెడ్డ ఫలితం.

తాడు ఎవరికి కట్టి ఉంది

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. రీలు తుపాకీలో ఈటె తాడు తుపాకీ కింద ఉన్న రీలుకు పోతుంది. ఫ్లోట్ పద్ధతిలో తుపాకీ పిడి నుంచి పొడుగాటి తాడు నీటి పైన తేలే ఫ్లోట్‌కు, అంటే మన వలల భాషలో బెండుకు, పోతుంది. పెద్ద చేపలకు బ్రేక్ అవే అనే మూడో అమరిక వాడతారు. అందులో ఈటె నేరుగా ఫ్లోట్ తాడుకే తగిలి ఉంటుంది, కాల్చగానే తుపాకీ విడిపోయి చేతిలో మిగిలిపోతుంది.

రీలుతో తిరగడం హాయి, తాళ్లు చిక్కు పడవు. కానీ చేపా మనిషీ ఒకే తాడుకు రెండు కొసలవుతారు. సొర చేపను పట్టుకుంటే వేటగాడు తుపాకీ వదిలేయాలి, లేదా ఈడ్చుకుపోబడాలి. సొరలెక్కువ ఉన్న చోట ఫ్లోట్ తాడే మేలు. చేపను కొట్టాక తుపాకీ వదిలేసి పైకి వచ్చి, ఊపిరి తీసుకుంటూ, నీటి పైన తాడు అందుకుని లాగవచ్చు. పడవలోవాడు కూడా ఫ్లోట్ అందుకుని తనే లాగవచ్చు. తాడు పొడవు లోతు కన్నా సగం ఎక్కువ ఉండాలి: 15 మీటర్ల రీఫ్‌కు 22 నుంచి 25 మీటర్లు. అంతకన్నా పొడుగైతే నీళ్లలో ఉండలు కట్టి కాళ్లకు చుట్టుకుంటుంది. సాగే రబ్బరు బంగీ ఒకటి రెండు మీటర్లు మధ్యలో పెడితే చేప గుంజుడు మెత్తబడి గాయం చీలదు. అయితే రీఫ్ చేపకు బంగీ వద్దు, అది సాగిన మేరకు చేప రాళ్లలో దూరుతుంది.

లాగేటప్పుడు తాడును చేతికి చుట్టుకోవద్దు, మణికట్టుకు ఉచ్చు వేయొద్దు. చేతి మీద చేయి వేసి లాగుతూ, లాగిన తాడును ప్రవాహం దిగువకు వదలాలి. ఆగి ఆగి లాగితే ఆగిన ప్రతిసారీ చేప కొట్టుకుంటుంది. స్టోన్ షాట్ పడ్డ చేప 15 మీటర్ల లోతు నుంచి సెకనుకు మీటరు చొప్పున పావు నిమిషంలో పైకి వస్తుంది. పడవ పక్కనే ఉంటే మొత్తం నిమిషం లోపు పని. పొట్టలో తగిలిన చేపతో ఇదే పని రెండు మూడు నిమిషాలు.

కాపలా మనిషి పని కూడా ఈ నిమిషంలోనే. కాల్చినవాడు పైకి వస్తున్నప్పుడు అతను మూడు నాలుగు మీటర్లు దిగి, నింపిన తుపాకీతో, చేపకూ సొరకూ మధ్య నిలబడి, సొర వైపే ముఖం పెట్టి పైకి జరగాలి. చేపను చూడడం అతని పని కాదు, వెనకా కిందా చూడాలి. కాల్చిన తుపాకీని మళ్లీ నింపే దాకా నీళ్లలో కనీసం ఒక తుపాకీ నిండుగా ఉండాలి. అయితే ఆ తుపాకీ ఉన్నది నెట్టడానికే. ఈటె దిగిన సొర పారిపోతుందన్న నమ్మకం లేదు, తాడుతో సహా తిరగబడవచ్చు. ఫ్లోరిడాలో సొరల్ని గాలంతో తప్ప మరోలా పట్టడం చట్టవిరుద్ధం కూడా.

చేప చేతికందగానే మొప్పల్లోకి చేయి దూర్చి ఒంటికి హత్తుకోవాలి. మొప్ప అంచులు బ్లేడుల్లా ఉంటాయి కనుక తొడుగు లేకుండా చేయి పెట్టకూడదు. మరో చేత్తో కత్తిని కంటికి వెనకా పైనా గుచ్చి తిప్పితే ప్రాణం పోతుంది, కదలిక ఆగుతుంది. మొప్పలు కోసి నెత్తురు తీయడం మాత్రం పడవలోనే, బకెట్టులో. ఆ బకెట్టు నీళ్లను మనుషులందరూ ఎక్కి, పడవ ఆ చోటు వదిలాకే పారబోయాలి. మంచి సిబ్బంది అని చెప్పుకునేవాళ్లు కూడా ఇక్కడే తొందరపడతారు: డెక్కు కడిగిన నెత్తురు నీళ్లు నేరుగా ఇంకా కింద ఉన్న మనిషి నెత్తిన పోస్తారు.

చేపను ఎక్కడ ఉంచాలి

1963 డిసెంబరు 8న దక్షిణ ఆస్ట్రేలియాలోని ఆల్డింగా తీరాన స్పియర్‌ఫిషింగ్ పోటీలో ఉన్న రాడ్నీ ఫాక్స్‌ను తెల్ల సొర నడుం దగ్గర పట్టుకుంది. ఆయన దాన్ని విడిపించుకున్నాక సొర ఆయన చేపల ఫ్లోట్‌ను పట్టింది. ఆ ఫ్లోట్ తాడు ఆయన బెల్టుకే తగిలి ఉండడంతో ఆయన్ను మళ్లీ కిందికి ఈడ్చుకుపోయింది. తాడు తెగింది కనుక బతికారు. నడుముకు చేపలు కట్టుకునే అలవాటు మీద అంతకన్నా వేరే చర్చ అనవసరం.

చేపలు పెట్టడానికి ఉత్తమ స్థలం పడవ. పడవ లేని చోట, అంటే ఒడ్డు నుంచి ఈదుకుంటూ పోయే వేటలో, గట్టి అడుగున్న చిన్న తేలే తొట్టి ఉత్తమం. దాన్ని తాడుతో వెంట లాక్కుపోతారు, చేప నీటి బయటే ఉంటుంది, నెత్తురు కారదు. ఫ్లోట్ కింద తీగకు గుచ్చి వేలాడదీయడం మూడో దారి. అప్పుడు చేపలు మనిషికి కనీసం 20 మీటర్ల దూరంలో, ప్రవాహానికి దిగువన ఉండాలి. చేపలు రెండు కాగానే ఒడ్డుకు తీసుకుపోవాలి. తొట్టి తాడుకు చివర ఒక్క గుంజుతో విడిపోయే కొక్కెం తప్పనిసరి.

స్కూబా సిలిండరుతో వేటాడడం క్వీన్స్‌లాండ్‌లో నిషేధం, ఫ్లోరిడాలో చాలా చోట్ల అనుమతి ఉంది. సిలిండరుతో ఉన్నవాడు కింద నలభై నిమిషాలు ఉంటాడు కనుక చేపలన్నీ అంతసేపూ అతని పక్కనే వేలాడతాయి. ఆ చేపల్ని గాలి సంచికి కట్టి పైకి పంపేస్తే ఈ చిక్కు తీరుతుంది, పైన పడవ అప్పటికే ఎదురుచూస్తూ ఉండాలి అంతే. పరాయి జలాల నుంచి వచ్చిపడ్డ లయన్ ఫిష్‌ను ఏరేసేవాళ్లు ప్లాస్టిక్ గొట్టపు డబ్బాలు వాడతారు. మూతి దగ్గర లోపలికే తెరుచుకునే గరాటు ఉంటుంది. విషపు ముళ్లు మనిషికి గుచ్చుకోవు, డబ్బాలో ఉన్నదాన్ని గ్రూపర్ లాక్కోలేదు. ఒకప్పుడు ఈ లయన్ ఫిష్‌ను తినడం సొరలకు అలవాటు చేద్దామని ఈటె చివరన గుచ్చి వాటి నోటికి అందించేవాళ్లు. సొరలు లయన్ ఫిష్‌ను వేటాడడం నేర్చుకోలేదు గానీ, ఈటె పట్టుకున్న మనిషి వెంట తిరగడం మాత్రం కొన్నిచోట్ల బాగా నేర్చుకున్నాయి.

సొర వచ్చేసింది

దూరంగా, తీరిగ్గా తిరుగుతున్న సొర మనల్ని పరిశీలిస్తోంది. దాని వైపు తిరిగి, నిలువుగా ఉండి, కళ్లలో కళ్లు పెట్టి చూస్తే చాలాసార్లు అంతటితో ఆగుతుంది. వలయం తగ్గుతూ వస్తే తుపాకీ కొసను ముందుకు పెట్టి, దాని వైపు ఒక అడుగు ఈదాలి. పారిపోతున్నట్టు వెనక్కి తిరిగి ఈదితే వేటకు చిక్కే జంతువు నడకే అవుతుంది. తగిలేంత దగ్గరకు వస్తే ముక్కు పక్కన నెట్టాలి. సొర వీపు విల్లులా వంచి, ముక్కు పైకెత్తి, పక్క రెక్కలు కిందికి దించి, అటూ ఇటూ ఊగుతూ ఈదితే అది బెదిరింపు. గ్రే రీఫ్ సొరల్లో దీన్ని స్పష్టంగా చూడవచ్చు. ఆ దృశ్యం కనబడ్డాక చేప సంగతి మరిచిపోయి, దారి ఇచ్చి, ఎదురుగా ముఖం ఉంచి వెనక్కి జరగాలి.

సొర చేపను పట్టేసిన తర్వాత లాగులాట వద్దు. కొత్తవాళ్లు అక్కడే పంతానికి పోతారు. ఊపిరి అయిపోతున్న వేళ కిందికి లాగబడిన మనిషికి సొర కన్నా స్పృహ తప్పడమే పెద్ద ప్రమాదం, పైకి వస్తూ చివరి పది మీటర్లలో తప్పే స్పృహ. ఫ్లోట్ తాడు వదిలేస్తే కాసేపటికి ఈటె తేలుతున్న ఫ్లోట్ కింద దొరకవచ్చు. ఈటెకు కట్టే 1.8 నుంచి 2 మిల్లీమీటర్ల నైలాన్ తాడును సొర పళ్లు తెంపేసినా నష్టం పెద్దది కాదు. పోయేది ఒక ఈటె ఖరీదు. ఒకే చోట రెండు చేపలు పోతే అక్కడ మూడోదాన్ని కొట్టకపోవడం అనుభవజ్ఞులు పాటించే లెక్క.

పరికరాల నిజానిజాలు

ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో ఐదు రకాల నిరోధకాలను దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవుల దగ్గర తెల్ల సొరల మీద పరీక్షించారు. ఏ పరికరమూ లేనప్పుడు ఎరను 96 శాతం సార్లు తినేశాయి. సర్ఫ్ బోర్డుకు అమర్చే ఒక విద్యుత్ పరికరంతో అది 40 శాతానికి తగ్గింది. అయస్కాంతాలతో, మైనపు పూతలతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే విద్యుత్ పరికరం పనిచేస్తుంది, కానీ అప్పుడప్పుడు పనిచేయదు. పైగా దాని క్షేత్రం దాన్ని కట్టుకున్న మనిషి చుట్టూ ఒకటి రెండు మీటర్లే. ఈటె చివర పది మీటర్ల దూరంలో కొట్టుకుంటున్న చేపకు దాని నీడ పడదు. మనిషి రక్షణకు కొనుక్కుంటే సరే, వేట రక్షణకు కొనుక్కుంటే మోసపోతారు. ఈటె చివర తూటా పేలే పవర్‌హెడ్‌తో చేపలు పట్టడం ఫ్లోరిడా జలాల్లో నిషేధం. ప్రమాదంలో అది ఎటు పేలుతుందో కూడా చెప్పలేం.

సగం తిన్న చేప దక్కితే పారేయనక్కర్లేదు. కాటు పడ్డ అంచు నుంచి నాలుగు వేళ్ల మేర కోసి తీసేసి మిగతాది వాడుకోవచ్చు. అయితే ఒడ్డుకు చేరేదాకా అలాగే ఉంచాలి, పడవలో ముక్కలు చేయకూడదు. వంజరానికి దగ్గరి బంధువైన కింగ్ మాకెరెల్‌కు ఫ్లోరిడాలో కనీస కొలత మూతి కొస నుంచి తోక చీలిక దాకా 24 అంగుళాలు. తోక పోయి మిగిలిన ముక్క ఆ కొలత తూగకపోతే ఉంచుకోకూడదు. మొత్తంగా గానీ సగంగా గానీ చేప చేతికొచ్చిన వెంటనే రెండు పాళ్ల ఐసుకు ఒక పాలు సముద్రపు నీరు కలిపిన పెట్టెలో ముంచాలి. వంజరం, టునా లాంటివి ఎండలో ఉంటే తిన్నవాళ్లకు జబ్బు చేసే హిస్టమిన్ చేరుతుంది, అది వండినా పోదు.